బీరువాలోని పాత కెమెరాకు ఏ కార్డు సరిపోతుంది?

 

ఏలూరు, కైకలూరు, ఆకివీడు, భీమడోలు, తాడేపల్లిగూడెం ప్రాంతాల్లోని మన కుటుంబాలలో గల్ఫ్ దేశాలకు వెళ్ళి వచ్చినవారు లేని ఇళ్ళు తక్కువ. ఇరవై ఏళ్ళ క్రితం అలా తిరిగి వచ్చిన పెద్దలు తమతో తెచ్చిన సామానులో దుప్పట్లు, అత్తరు సీసాలు, టార్చిలైట్లతో పాటు ఒక చిన్న డిజిటల్ కెమెరా కూడా ఉండేది. ఆ ఇంటి నికాహ్‌లు, అఖీఖాలు, ఈద్ రోజులు, కొల్లేటి గట్టున గడిపిన సెలవు దినాలు అన్నీ దానితోనే తీశారు. తరువాత సెల్‌ఫోన్ వచ్చింది. కెమెరా నల్లని సంచిలో, బీరువా పై అరకు చేరింది.

గత కొన్నేళ్ళుగా ఆ కెమెరాలకు మళ్ళీ ఆదరణ వచ్చింది. ఆ పాత చిత్రాలలోని రంగుల తీరు నేటి యువతీ యువకులకు నచ్చుతున్నది. ఫోన్‌కు దూరంగా కాసేపు ఫోటోలు తీసుకునే అవకాశం కూడా దొరుకుతున్నది. ఇంట్లో ఉన్న వస్తువునే వాడుకోవడం దుబారాకు దూరమైన పని కనుక పెద్దలు కూడా సంతోషంగానే బీరువా తాళం తీస్తున్నారు. అయితే కెమెరా బయటికి తీసిన మరుక్షణం ఎదురయ్యే సమస్య మెమరీ కార్డు. నేడు దుకాణాలలో దొరికే కార్డు అందులో పట్టదు. పట్టినా కెమెరా దానిని గుర్తించదు. 'పాడైపోయింది' అనుకొని మంచి కెమెరాను తుక్కులో వేసేవారున్నారు. అందుకే ఈ నెల ఆ విషయాన్ని వివరంగా చర్చిద్దాం.

ముందుగా ఒక హెచ్చరిక

కొత్త కార్డు కొనాలనే తొందరలో పాత కార్డును నిర్లక్ష్యం చేయవద్దు. మెమరీ కార్డు సమాచారాన్ని అతి సూక్ష్మమైన విద్యుదావేశాల రూపంలో నిలువ ఉంచుతుంది. వాడకుండా పడి ఉన్న కార్డులో ఆ ఆవేశం ఏళ్ళు గడిచేకొద్దీ కొంచెం కొంచెంగా క్షీణిస్తుంది. ఇరవై ఏళ్ళ నాటి కార్డు నేడు చదవగలిగే స్థితిలో ఉంటే అది అదృష్టమే. మరో ఐదేళ్ళు కూడా అలాగే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. కనుక మొదటి పని, అందులో ఉన్న ఫోటోలను కంప్యూటరులోకి దించుకోవడం.

కెమెరాను ఆన్ చేసినప్పుడు తెరపై 'ఫార్మాట్ చేయాలా?' అని అడిగితే 'వద్దు' అనే సమాధానమివ్వండి. ఫార్మాట్ చేస్తే కార్డు ఖాళీ అవుతుంది. ఎస్.డి. కార్డు అయితే దాని ప్రక్కన ఉండే చిన్న మీటను 'లాక్' వైపు జరిపి, ఆ తరువాతే కంప్యూటరుకు తగిలించండి. అప్పుడు పొరపాటున ఏదీ చెరిగిపోదు. పని పూర్తయ్యాక మీటను వెనక్కి జరపాలి. లేకుంటే కెమెరా 'కార్డు రక్షణలో ఉంది' అని ఫోటో తీయడానికి నిరాకరిస్తుంది. చాలామంది దీనిని కూడా కెమెరా లోపమనే భావిస్తుంటారు.

ఇంకొక సంగతి. నాటి కెమెరాలలో అనేకం కార్డు లేకున్నా కొన్ని ఫోటోలు నిలువ చేసుకునేలా లోపలే కొద్దిపాటి మెమరీ కలిగి ఉండేవి. కార్డును బయటికి తీసి, ఫోటోలు చూసే మీట నొక్కి చూడండి. ఎవరికీ గుర్తులేని పది పదిహేను చిత్రాలు అక్కడ దొరకవచ్చు.

కార్డులలో రకాలు

కెమెరా అడుగున గాని, ప్రక్కన గాని ఉన్న చిన్న తలుపు తెరిస్తే కార్డు పెట్టే చోటు కనిపిస్తుంది. అక్కడ ముద్రించిన గుర్తును, పాత కార్డు ఉంటే దాని ఆకారాన్ని పరిశీలించండి. సాధారణంగా ఐదు రకాలలో ఏదో ఒకటి అయి ఉంటుంది.

కాంపాక్ట్ ఫ్లాష్: 1994లో శాన్‌డిస్క్ సంస్థ ప్రవేశపెట్టింది. అగ్గిపెట్టె వెడల్పుతో, గట్టి పలకలా ఉంటుంది. అంచున 50 సన్నని రంధ్రాలు ఉంటాయి. 3.3 మిల్లీమీటర్ల మందం ఉంటే మొదటి రకం, 5 మిల్లీమీటర్లు ఉంటే రెండవ రకం. మొదటి రకం గూటిలో రెండవ రకం కార్డు దూరదు. కెనాన్, నికాన్ సంస్థల తొలినాటి కెమెరాలలో ఎక్కువగా దీనినే వాడారు. బాగా పాత కెమెరాలు 2 జీబీకి మించిన కార్డును పూర్తిగా ఉపయోగించుకోలేవు. కనుక 1 జీబీ లేక 2 జీబీ కార్డు క్షేమకరం. కార్డును వంకరగా నెడితే గూటిలోని సూదులు వంగిపోతాయి. పెట్టే ముందు టార్చి వెలుతురులో లోపల ఒకసారి చూడండి.

స్మార్ట్ మీడియా: 1995లో తోషిబా తెచ్చింది. మిల్లీమీటరు మందం కూడా లేని పలుచని కార్డు. దీని ముఖంపై బంగారు రంగు పలక పెద్దదిగా కనిపిస్తుంది. ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కెమెరాలలో ఉండేది. గరిష్ఠ సామర్థ్యం 128 ఎంబీ మాత్రమే. ఇందులో 5 వోల్టులు, 3.3 వోల్టులు అని రెండు విధాలున్నాయి. ఒకదాని బదులు మరొకటి పనిచేయదు. పైగా తొలి కెమెరాలలో కొన్ని 8 లేక 16 ఎంబీ దాటిన కార్డును గుర్తించవు. కెమెరాతో వచ్చిన చిన్న పుస్తకంలో ఏ సామర్థ్యం వరకు అని వ్రాసి ఉంటే దానినే ప్రమాణంగా తీసుకోవాలి.

మెమరీ స్టిక్: 1998లో సోనీ తెచ్చిన కార్డు. చూయింగ్ గమ్ ముక్కలా పొడవుగా ఉంటుంది. మొదటి రకం 128 ఎంబీతో ఆగిపోయింది. 2003లో 'మెమరీ స్టిక్ ప్రో' వచ్చింది. ఆకారం అదే అయినా మొదటి రకానికి మాత్రమే తయారైన కెమెరా 'ప్రో' కార్డును చదవదు. 'డ్యూయో' అనేది పొట్టి రకం. పొడవైన గూటిలో పెట్టాలంటే తొడుగు కావాలి. 2010 నుండి సోనీ తన కెమెరాలలో ఎస్.డి. కార్డుకు కూడా చోటిచ్చింది.

ఎక్స్.డి. పిక్చర్ కార్డు: 2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ కలిసి తెచ్చాయి. తపాలా బిళ్ళంత ఉంటుంది. మొదటి రకం 512 ఎంబీ వరకే. 2005 నుండి 'ఎం', 'హెచ్' అనే రకాలు 2 జీబీ వరకు వచ్చాయి. పాత కెమెరాలు కొన్ని ఈ కొత్త రకాలను స్వీకరించవు. కనుక 2005 కంటే ముందటి కెమెరాకు ఏ అక్షరమూ ముద్రించని 256 లేక 512 ఎంబీ కార్డు వెతకడం మంచిది. ఒలింపస్ కెమెరాలలో పనోరమా సౌకర్యం కావాలంటే ఒలింపస్ పేరున్న కార్డే ఉండాలి.

ఎస్.డి. కార్డు: పానాసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా కలిసి 1999లో ప్రకటించినది ఇదే. నేటికీ దుకాణాలలో దొరుకుతున్నది కూడా ఇదే. అందువల్లనే ఎక్కువమంది తికమక పడేది ఇక్కడే.

ఆకారం ఒకటే, లోపలి సంగతి వేరు

ఎస్.డి. కుటుంబంలో తరాలున్నాయి. మొదటి తరం ఎస్.డి. కార్డు 2 జీబీ వరకే. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. 32 జీబీ వరకు. 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. 2 టీబీ వరకు. మూడూ చూడడానికి ఒకే కొలతలో ఉంటాయి, ఒకే గూటిలో చక్కగా అమరుతాయి. కాని కొత్త యంత్రం పాత కార్డును చదువుతుంది. పాత యంత్రం కొత్త కార్డును చదవదు. కొత్త కార్డు తన లోపలి చోట్లను లెక్కించే పద్ధతే వేరు. ఆ లెక్క పాత కెమెరాకు తెలియదు. అది తెరపై 'కార్డు ఎర్రర్' అని చూపించి ఊరుకుంటుంది.

మన ప్రాంతం వారికి ఈ తేదీలు గుర్తుంచుకోవడం తేలిక. 1999లో కొల్లేటిని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, ఎస్.డి. కార్డు వెలువడిన సంవత్సరం అదే. 2002లో కొల్లేరు రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేరింది, ఎక్స్.డి. కార్డు ఆ ఏటిదే. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట సరస్సులోని చేపల చెరువుల గట్లను తొలగించారు, ఎస్.డి.హెచ్.సి. కార్డు ఆ సంవత్సరమే వచ్చింది. కనుక మీ ఇంటి కెమెరా చెరువు గట్లు తొలగించడానికి ముందు కొన్నదైతే 2 జీబీ దాటిన ఎస్.డి. కార్డు దానికి కొనవద్దు. ఆ తరువాత రెండేళ్ళలో కొన్నదైతే కెమెరా మీద గాని, పుస్తకంలో గాని 'ఎస్.డి.హెచ్.సి.' గుర్తు ఉందేమో చూసి నిర్ణయించండి. బాగా తొలినాటి కెమెరాలలో కొన్నింటికి 2 జీబీ కూడా భారమే. వాటికి 1 జీబీ లేక అంతకన్నా తక్కువ కార్డు పెట్టాలి.

తాడేపల్లిగూడెంలో నాకు తెలిసిన ఒక కుటుంబంలో జరిగిన విషయం చెబుతాను. ఇంటర్మీడియట్ చదువుతున్న అమ్మాయి, తన దాదా 2004లో కువైట్ నుండి తెచ్చిన కెమెరాను వాడాలని ముచ్చటపడింది. ఒక దుకాణంలో 32 జీబీ కార్డు కొని పెట్టింది. కెమెరా 'కార్డు ఎర్రర్' అన్నది. దుకాణదారు కెమెరా పని అయిపోయిందని తేల్చాడు. దాదా కూడా, "ఇరవై ఏళ్ళు దాటింది బేటీ, ఇక వదిలెయ్యి" అన్నారు. మరుసటి రోజు పాత సామానువాడికి ఇచ్చేయాలనుకున్నారు. అంతలో ఆ అమ్మాయి తల్లికి ఇంట్లో మూలపడి ఉన్న పాత బటన్ ఫోన్ గుర్తుకు వచ్చింది. అందులోని 1 జీబీ మైక్రో ఎస్.డి. కార్డును తొడుగులో అమర్చి పెడితే కెమెరా ఏ పేచీ లేకుండా పనిచేసింది. ఆ ధైర్యంతో నల్ల సంచి జేబులో ఉన్న అసలు కార్డును కూడా కంప్యూటరులో తెరిచి చూశారు. ఫోటోల మధ్య కొన్ని సెకన్ల వీడియో ఒకటి ఉంది. అందులో, తొమ్మిదేళ్ళ క్రితం మరణించిన దాదీ వంటింటి గుమ్మంలో నిలబడి, "ఫోటో తరువాత తీద్దువు గాని, ముందు అన్నానికి రండి" అంటున్నారు. ఆమె గొంతు వినిపించేది మరేదీ ఆ ఇంట్లో లేదు. ఆ వీడియో ఇప్పుడు ఆ కుటుంబంలో అందరి దగ్గరా ఉంది.

ఖర్చు లేని మార్గం

పై సంఘటనలో ఒక మంచి ఉపాయం ఉంది. స్మార్ట్‌ఫోన్‌లకు ముందు వాడిన బటన్ ఫోన్లలో 1 జీబీ, 2 జీబీ మైక్రో ఎస్.డి. కార్డులు ఉండేవి. అవి మొదటి తరానికి చెందినవే. వాటికి వచ్చే ప్లాస్టిక్ తొడుగులో స్వంత తెలివి ఏమీ లేదు. లోపలి తీగలను బయటి అంచుకు కలుపుతుంది, అంతే. కనుక ఆ తొడుగులో పెట్టిన పాత మైక్రో కార్డు పాత ఎస్.డి. కెమెరాలో సాధారణంగా పనిచేస్తుంది. క్రొత్తది కొనేముందు ఇంట్లోని పాత ఫోన్లను ఒకసారి వెతకండి.

ఎస్.డి. కార్డును కాంపాక్ట్ ఫ్లాష్ గూటిలో పెట్టే తొడుగులు కూడా దొరుకుతాయి. అవి ఎక్కువగా 5 మిల్లీమీటర్ల మందంతో ఉంటాయి గనుక గూటి రకం చూసుకోవాలి. మైక్రో ఎస్.డి.ని మెమరీ స్టిక్ ప్రో డ్యూయోగా మార్చే తొడుగు 'ప్రో' కార్డును చదివే కెమెరాలలోనే ఉపయోగపడుతుంది. స్మార్ట్ మీడియా, ఎక్స్.డి. కెమెరాలకు అసలు కార్డు వెతుక్కోవడమే సరైన మార్గం.

పెద్ద కార్డు, వేగవంతమైన కార్డు అనే ఆకర్షణకు లోను కావద్దు. నాలుగు మెగాపిక్సెళ్ళ కెమెరా తీసే ఒక్కో ఫోటో రెండు ఎంబీలకు మించదు. 1 జీబీ కార్డులో సుమారు 500 చిత్రాలు పడతాయి. ఒక పెళ్ళికి అది చాలు. కార్డు మీద వేగం అంకె ఎంత పెద్దదైనా కెమెరా తన పాత వేగంతోనే వ్రాస్తుంది. ఆ అంకెకు పెట్టిన డబ్బు వృథా.

పాత కార్డుల పేరుతో నకిలీలు అమ్మేవారు కూడా ఉన్నారు. పైన 2 జీబీ అని ముద్రించి లోపల అందులో నాలుగవ వంతు కూడా ఉండదు. కొన్న వెంటనే కార్డు నిండా ఫైళ్ళు కాపీ చేసి, అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఈ పరీక్ష చేయడానికే 'హెచ్2టెస్ట్‌డబ్ల్యు', 'ఎఫ్3' అనే ఉచిత ప్రోగ్రాములు ఉన్నాయి. తిరిగి ఇచ్చే గడువు ముగియకముందే ఈ పని చేయాలి.

కార్డు పెట్టిన తరువాత

కొత్తగా దొరికిన కార్డును కంప్యూటరులో గాక కెమెరాలోనే ఫార్మాట్ చేయండి. కంప్యూటరు తనకు నచ్చిన అమరికలో ఫార్మాట్ చేస్తుంది. పాత కెమెరాలకు 'ఫ్యాట్' అనే పాత అమరికే తెలుసు. కార్డు మంచిదే అయినా కెమెరా చదవకపోవడానికి ఇది ఒక కారణం.

ఫోటోలు దించుకోవడానికి అనేక రకాల గూళ్ళున్న కార్డు రీడరు ఒకటి ఉంటే సరిపోతుంది. స్మార్ట్ మీడియా చదివే రీడర్లు మాత్రం అరుదు. అప్పుడు కెమెరా అసలు కేబులునే కంప్యూటరుకు తగిలించాలి. నాటి వీడియోలను ఫోన్ తెరవకపోతే నిరాశ చెందవద్దు, కంప్యూటరులో వి.ఎల్.సి. అనే ఉచిత ప్రోగ్రాము సాధారణంగా వాటిని చూపిస్తుంది. ఫోటోలు పొరపాటున తొలగించి ఉంటే ఆ కార్డుతో మరొక ఫోటో కూడా తీయవద్దు. పాత చిత్రం ఉన్న చోట కొత్తది పడనంతవరకు 'ఫోటోరెక్' వంటి ఉచిత ప్రోగ్రాముతో తిరిగి రాబట్టే అవకాశం ఉంటుంది. రాబట్టిన చిత్రాలను అదే కార్డులో కాకుండా కంప్యూటరులో భద్రపరచాలి.

కొల్లేటి గాలిలోని తేమ కెమెరాలకు శత్రువు. మూసి ఉంచిన తోలు సంచిలో కటకంపై బూజు పడుతుంది, కార్డు అంచులు నల్లబడతాయి. మూత గట్టిగా పట్టే డబ్బాలో, మందుల సీసాలలో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లాలతో కలిపి ఉంచండి. బియ్యంలో పెట్టవద్దు, ఆ పిండి గూటిలోకి దిగుతుంది. బ్యాటరీని తీసి వేరుగా ఉంచాలి. ఉబ్బిన బ్యాటరీని, కారిన సెల్లును వాడనే వద్దు. కార్డు అంచు మురికిగా ఉంటే పొడి మెత్తని గుడ్డతో నెమ్మదిగా తుడవండి.

కార్డు ఒక అమానతు

ఇక చివరి విషయం. ఒక కుటుంబపు మెమరీ కార్డులో ఆ ఇంటి స్త్రీల చిత్రాలు, పసిపిల్లల చిత్రాలు ఉంటాయి. దానిని బయటివారి చేతిలో పెట్టడమంటే ఇంటి తలుపు తెరిచి ఇవ్వడమే. పాడైన కార్డును దుకాణానికి ఇవ్వవలసి వస్తే నమ్మకస్తునికే ఇచ్చి, వీలైతే అక్కడే కూర్చొని పని చేయించుకోండి. కెమెరా అమ్మేటప్పుడు కార్డును ఇంట్లోనే ఉంచుకొని, లోపలి మెమరీని కూడా ఖాళీ చేయండి. 'డిలీట్' నొక్కినంత మాత్రాన చిత్రాలు పోవు. ఆ చోటు ఖాళీ అని గుర్తు పెట్టబడుతుంది, అంతే. కార్డును కూడా ఇవ్వవలసి వస్తే అన్నీ తొలగించి, దానిని పనికిరాని ఫైళ్ళతో పూర్తిగా నింపి, మళ్ళీ ఖాళీ చేయండి.

అదే విధంగా మీరు కొన్న పాత కార్డులో ఎవరివో కుటుంబ చిత్రాలు కనిపిస్తే తెరిచి చూడవద్దు. అమ్మినవారు తెలిసినవారైతే వారికి ఆ చిత్రాలు కావాలేమో అడిగి, తరువాత చెరిపివేయండి. వారి అమానతు మీ చేతికి వచ్చినట్లే భావించాలి.

కార్డు నుండి దించుకున్న ఫోటోలను ఒక్క చోటే ఉంచవద్దు. ఒక ప్రతి కంప్యూటరులో, మరొకటి విడిగా హార్డ్ డిస్కులో, ఇంకొకటి వేరే ఊరిలో ఉన్న మీ సోదరుని ఇంట్లోనో, కుమార్తె ఇంట్లోనో ఉండాలి. ఫోటోలోని పెద్దల పేర్లు, ఊరు, సంవత్సరం తెలిసినవారు మన మధ్య ఉన్నప్పుడే అడిగి వ్రాసుకోండి. పాత కెమెరాలలో తేదీ చాలాసార్లు తప్పుగా ఉంటుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయిన ప్రతిసారీ గడియారం మొదటికి వచ్చేది. కొల్లేటి గట్టున నిలబడి తీయించుకున్న ఫోటో వెనుక చెరువుల గట్లు ఉన్నాయా, నీరు మాత్రమే ఉన్నదా అని చూసి సంవత్సరాన్ని అంచనా వేయగలవారు మీ ఇంటి పెద్దలే.

ఈ ఆదివారం ఒక గంట సమయం కేటాయించండి. బీరువా పై అర వెతికి, కెమెరా గూటిని చూసి, కార్డు రకాన్ని ఒక కాగితంపై వ్రాసుకొని, ఆ తరువాతే దుకాణానికి వెళ్ళండి.

వస్సలాం.